బస్సానో చెక్క వంతెన: కొట్టుకుపోయినా, కాలిపోయినా మళ్ళీ చెక్కతోనే ఎందుకు కట్టారు?

ఈ రోజు ఎపిసోడ్ ఒక వంతెన గురించి. వంతెనంటే పెద్ద పెద్ద కేబుల్ బ్రిడ్జి, సముద్రం మీద బ్రిడ్జి అనుకోకండి. నడిచి వెళ్తే రెండు నిమిషాల్లో అయిపోయేంత చిన్నది. చెక్కది. పైన ఇంటికప్పులాగా పెంకుల కప్పు ఉంటుంది. ఇటలీలో ఉత్తరాన, ఆల్ప్స్ కొండలు దిగి మైదానం మొదలయ్యే చోట, బస్సానో డెల్ గ్రాప్పా అని ఒక ఊరుంది. జనాభా నలభై వేలు పైచిలుకు. ఆ ఊరి మధ్యలోంచి బ్రెంటా అనే నది పోతుంది. దాని మీదున్న వంతెన ఇది.

వీడియో పాజ్ చేసి ఒక్కసారి ఫోన్‌లో ఆ ఊరి పేరు కొట్టి ఫోటో చూడండి. ముదురు గోధుమ రంగు వంతెన. నీళ్ళలో నాలుగు చోట్ల చెక్క కాళ్ళ గుంపులు. ఆ గుంపులు నది ఎగువ వైపుకి పడవ ముక్కులాగా సాగి ఉంటాయి. వెనకాల కొండలు. చూశారా? ఇప్పుడు కింద రాసింది చదవండి. చాలా చోట్ల "పల్లాడియో కట్టిన వంతెన, 1569" అని ఉంటుంది. అది చదివి మనం ఏమనుకుంటాం? అబ్బో, 450 ఏళ్ళ నాటి చెక్క, ఇంకా నిలబడి ఉంది అనుకుంటాం.

కాదు. ఆ చెక్క అప్పటిది కాదు. పల్లాడియో కట్టిన వంతెన 1748లోనే నదిలో కొట్టుకుపోయింది. దాని తర్వాత కట్టింది 1813లో తగలబడింది. దాని తర్వాతది 1945లో పేలిపోయింది. ఇప్పుడు ఫోటోలో కనిపిస్తున్నది 1948లో ప్రారంభమైంది. దానికీ తర్వాత రెండుసార్లు పెద్ద మరమ్మతు చేశారు.

మరి దాన్ని పల్లాడియో వంతెన అని ఎందుకంటారు? అబద్ధం చెప్తున్నారా? నా ఉద్దేశంలో కాదు. కానీ సగం చెప్పి ఊరుకుంటున్నారు. ఆ మిగతా సగమే అసలు కథ.

మొదట్నుంచీ వద్దాం. ఆ చోట వంతెన ఉన్నట్టు 1209 నాటికే రాతల్లో కనిపిస్తుంది. ఆ రోజుల్లో నది దాటాలంటే వంతెన ఎంత ముఖ్యమో మీకు చెప్పక్కర్లేదు. కొండల్లోంచి వచ్చే దారి, మైదానంలోకి పోయే దారి అక్కడే కలుస్తాయి. ఉన్ని, ధాన్యం, పశువులు, సైన్యం, అన్నీ దాని మీదుగానే. 1404 నుంచి ఈ ఊరు వెనిస్ రాజ్యం కిందికొచ్చింది. వెనిస్‌కి ఓడలు కట్టడానికి కలప కావాలి. ఆ కలప కొండల్లో నరికి, దుంగల్ని తెప్పలుగా కట్టి నది మీదే కిందికి వదిలేవాళ్ళు. అంటే నది కూడా ఒక రోడ్డే. వంతెన కింద ఒక ట్రాఫిక్, పైన ఒక ట్రాఫిక్ అన్నమాట.

ఆ వంతెన ఊళ్ళో ఎంత పెద్ద గుర్తంటే, దగ్గర్లో ఉన్న ఒక చిత్రకారుల కుటుంబానికి అదే ఇంటిపేరైపోయింది. దాల్ పోంతె. అంటే "వంతెన దగ్గరి వాళ్ళు" అని. మనకి ఊరిపేర్లు, చెట్ల పేర్లు ఇంటిపేర్లయినట్టే. ఆ ఇంట్లో పుట్టిన యాకొపో తర్వాత యాకొపో బస్సానో అనే పేరుతో ఆ కాలపు గొప్ప చిత్రకారుల్లో ఒకడయ్యాడు. ఇంటిపేరు వంతెనది, మారుపేరు ఊరిది. అతను 1592 దాకా బతికాడు. కాబట్టి పాత వంతెన పోవడం, పల్లాడియో వంతెన రావడం రెండూ అతని కాలంలోనే జరిగాయి.

సరే, 1511. అప్పుడు ఉత్తర ఇటలీ అంతా యుద్ధం. వెనిస్ మీదకి చాలా రాజ్యాలు ఒక్కసారి దండెత్తాయి. ఫ్రెంచ్ సైన్యం ఈ వంతెనని తగలబెట్టింది. తర్వాత 1520ల్లో ఊరివాళ్ళు రాతితో కూడా ప్రయత్నించారు. అది ఎక్కువ కాలం నిలవలేదు, నది తీసుకుపోయింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. మళ్ళీ చెక్కకే వచ్చారు. ఆ చెక్క వంతెన 1567 అక్టోబరు వరదలో పోయింది.

ఇప్పుడు పల్లాడియో వస్తాడు. అండ్రియా పల్లాడియో. ఆర్కిటెక్చర్ చదివేవాళ్ళకి ఈ పేరు చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళకి: ఎదర పెద్ద పెద్ద స్తంభాలు, పైన త్రికోణం ఉండే భవనాలు ప్రపంచమంతా ఎక్కడ చూసినా, వాటి వెనక ఎక్కడో ఈయన పుస్తకం ఉంటుంది. రాళ్ళు చెక్కే పనివాడిగా మొదలై, పక్కనే ఉన్న విచెంజా ఊళ్ళో పెద్ద ఆర్కిటెక్ట్ అయ్యాడు. బస్సానో వాళ్ళు ఆయన్ని పిలిచారు. ఆయన ఏం గీసిచ్చాడు? మూడు కమాన్ల రాతి వంతెన. పాత రోమన్ వంతెనలంటే ఆయనకి ప్రాణం. ఇది మంచి అవకాశం అనుకొని ఉంటాడు.

ఊరి కౌన్సిల్ వద్దంది.

ఒక్కసారి ఆలోచించండి. దేశంలోనే పేరున్న ఆర్కిటెక్ట్ డిజైన్ గీసి ఇచ్చాడు. ఊరివాళ్ళు "మాకు రాయి వద్దు, ముందున్నట్టే చెక్కది కావాలి, పాతదానిలాగే ఉండాలి, కాకపోతే ఇంకా గట్టిగా కట్టండి" అన్నారు. ఈ ముక్క చెప్పినప్పుడు చాలామంది "పల్లెటూరి వాళ్ళు, కళ తెలియదు" అన్నట్టు చెప్తారు. నాకది నచ్చదు. వాళ్ళకి కళ తెలుసో లేదో గానీ, వాళ్ళ నది వాళ్ళకి తెలుసు.

కొంచెం ఇంజనీరింగ్ మాట్లాడుకుందాం, బోర్ కొట్టదు. బ్రెంటా మైదానం నది కాదు, కొండ నది. పైన గట్టిగా వాన పడితే కొన్ని గంటల్లోనే కిందికొచ్చేస్తుంది. ఒక్కతే రాదు, రాళ్ళు, చెట్లు, దుంగలు వెంటేసుకుని వస్తుంది. రాతి కమాను వంతెనకి లావు లావు స్తంభాలు కావాలి. అవి నీటి దారిలో గోడల్లా నిలబడతాయి. నీటికి చోటు తగ్గితే వేగం పెరుగుతుంది. వేగం పెరిగిన నీళ్ళు స్తంభం మొదట్లో ఇసుకని, గులకరాళ్ళని తవ్వేస్తాయి. పైన రాయి ఎంత గట్టిదైనా, కింద నేల ఖాళీ అయితే ఏం లాభం? పైగా రాతి కమాను వంగదు. ఒక కాలు కొంచెం దిగితే చాలు, బీటలే.

చెక్క అలా కాదు. కాళ్ళు సన్నం, మధ్యలో సందులు, నీళ్ళు వాటి మధ్యనుంచి పోతాయి. కాస్త వంగుతుంది, కాస్త ఊగుతుంది. ఒక కాలు పాడైతే ఆ ఒక్క కాలే మార్చుకోవచ్చు. మరీ పెద్ద వరదొస్తే పోతుంది, నిజమే. కానీ కలప కొండ మీదనుంచి అదే నదిలో వస్తుంది. వడ్రంగులు ఊళ్ళోనే ఉన్నారు. పోతే మళ్ళీ కట్టుకుంటాం. రాతిది పోతే ఊరు దివాలా. నాకైతే ఇది మూఢ పట్టుదలలా కనిపించదు, లెక్కలాగే కనిపిస్తుంది.

పల్లాడియో అలిగి వెళ్ళిపోలేదు. అదీ ఆయనలో నాకు నచ్చింది. సరే, చెక్కే కదా అని కూర్చుని బుర్ర పెట్టాడు. 1569లో పని మొదలైంది. 1570లో వెనిస్‌లో ఆయన తన పుస్తకం అచ్చు వేయించాడు, ఆర్కిటెక్చర్ గురించి నాలుగు భాగాలది. మూడో భాగంలో ఈ బస్సానో వంతెన బొమ్మ వేసి, కొలతలు రాసి పెట్టాడు.

ఆ కొలతలు చూడండి, భలే ఉంటాయి. నది వెడల్పు 180 అడుగులు. దాన్ని ఐదు సమాన భాగాలు చేశాడు. అంటే ఒక్కోటి 36 అడుగులు. ఐదు భాగాలకి మధ్యలో నాలుగు వరసల కాళ్ళు. ఒక్కో వరసలో 8 దుంగలు. ఒక్కో దుంగ 30 అడుగుల పొడవు, అడుగున్నర మందం. దుంగకీ దుంగకీ మధ్య రెండడుగులు. ఇప్పుడు మీరే లెక్కేయండి. 8 దుంగలు, ఒక్కోటి ఒకటిన్నర, మొత్తం 12. మధ్యలో 7 సందులు, ఒక్కోటి రెండు, మొత్తం 14. పన్నెండూ పద్నాలుగూ 26. వంతెన వెడల్పు ఎంత? సరిగ్గా 26 అడుగులు. అంటే ఆయన వెడల్పు ముందు అనుకుని కాళ్ళు తర్వాత ఎక్కడో పెట్టలేదు, కాళ్ళ వరసే వంతెన వెడల్పు. ఇంకో మాట, ఇవి మన స్కేలు అడుగులు కావు. విచెంజా అడుగు కొంచెం పెద్దది, సుమారు 35.7 సెంటీమీటర్లు. కాబట్టి ఒక్కో అంకణం దాదాపు 13 మీటర్లన్నమాట.

పదమూడు మీటర్ల ఖాళీ మీద చెక్క దూలం వేస్తే మధ్యలో కుంగుతుంది కదా? దానికి ఏం చేశాడంటే, కాళ్ళ దగ్గర నుంచి ఏటవాలుగా దూలాలు పైకి పెట్టాడు. మీ రెండు చేతులూ ముందుకు చాచి, వేళ్ళు పైకెత్తి, ఎదురెదురుగా వాల్చండి. ఎవరైనా పైనుంచి నొక్కితే ఆ బరువు చేతుల మీదుగా భుజాలకి వస్తుంది కదా, అదే పని. మధ్యలో ఖాళీ తగ్గింది, బరువు కాళ్ళలోకి దిగింది. ఫోటోలో వంతెన కింద చూస్తే ఆ ఏటవాలు దూలాలు ఇప్పటికీ కనిపిస్తాయి. పైన కప్పుకి రెండు పక్కలా స్తంభాలు నిలబెట్టాడు. రాతి వంతెన దక్కకపోయినా, స్తంభాల సరదా మాత్రం వదల్లేదు.

కప్పు ఎందుకు? ఎండా వానా తగలకుండా జనం నడవడానికి అనుకుంటాం. అదీ ఉంది, కానీ అసలు కారణం చెక్కే. చెక్కని పాడుచేసేది నీళ్ళు కాదు, నీళ్ళు గాలి కలిసి. బూజు పెరగాలంటే తడీ కావాలి, గాలీ కావాలి. ఎప్పుడూ నీళ్ళలో మునిగి ఉన్న దుంగకి గాలి అందదు కాబట్టి అంత త్వరగా కుళ్ళదు. వెనిస్ నగరం బురదలో దిగ్గొట్టిన చెక్క గుంజల మీద వందల ఏళ్ళుగా నిలబడింది అందుకే. ఎప్పుడూ పొడిగా ఉన్న చెక్కకీ ఏం కాదు, మన పాత ఇళ్ళలో దూలాలు చూడండి. చిక్కంతా తడుస్తూ ఆరుతూ ఉండే చోటే. కప్పు వేస్తే పై దూలాలు పొడిగా ఉంటాయి. అడుగున కాళ్ళు నీళ్ళలో ఉంటాయి. మిగిలేది నీటి మట్టం దగ్గర, ఒక రోజు తడి ఒక రోజు పొడి అయ్యే జాగా. చెక్క వంతెన ఎక్కడైనా ముందు పాడయ్యేది అక్కడే. రోగం మోకాళ్ళలో వస్తుందన్నమాట.

పల్లాడియో వంతెన దాదాపు 180 ఏళ్ళు నిలబడింది. చెక్కకి అది తక్కువ కాదు. 1748 ఆగస్టులో వచ్చిన వరద దాన్ని తీసుకుపోయింది.

ఇప్పుడొచ్చే మనిషి నాకు పల్లాడియో కంటే ఎక్కువ ఇష్టం. బర్తలోమియో ఫెర్రాచినా. బస్సానోకి ఎగువన నది ఒడ్డునే సొలాన్యా అనే పల్లెలో 1692లో పుట్టాడు. చదువు అంతంత మాత్రం. చిన్నప్పుడు కలప కోసే పని. అక్కడ నుంచి యంత్రాలు, గడియారాలు, నీటి పంపులు చేసే మనిషయ్యాడు. వెనిస్‌లో సెయింట్ మార్క్ చౌరస్తాలో ఉండే ప్రసిద్ధమైన గడియారం ఉంది కదా, దానికి కొత్త యంత్రం చేసిచ్చింది ఈయనే. వంతెన పోయాక ఊరు ఈయన్ని పిలిచింది. అప్పటికి అరవైకి దగ్గర పడుతున్నాడు.

ఆయన చేతిలో పల్లాడియో పుస్తకం బొమ్మ ఉంది. ఆ ఆకారమే మళ్ళీ కట్టాడు. ఇది చాలా పెద్ద నిర్ణయం. 1750 నాటికి అభిరుచులు మారాయి, పద్ధతులు మారాయి. కొత్తగా ఇంకేదైనా కట్టొచ్చు. కానీ అప్పటి నుంచే ఈ వంతెనకి ఒక పద్ధతి ఏర్పడింది: పోతే, ఉన్న చోటే, ఉన్నట్టే. 1754లో ఫ్రాంచెస్కో మెమ్మో అనే వెనిస్ పెద్దమనిషి ఈ ఫెర్రాచినా జీవితం, ఆయన యంత్రాలు, ఈ వంతెన కథ కలిపి ఏకంగా ఒక పుస్తకం వేశాడు. రంపం పట్టుకుని మొదలైన మనిషి బతికుండగానే ఆయన మీద పుస్తకం. అయినా ఇవాళ వంతెన పేరు చెప్పేటప్పుడు అందరూ పల్లాడియో అంటారు, ఫెర్రాచినా అని ఎవరూ అనరు. గీసినవాడి పేరు నిలబడింది, మళ్ళీ నిలబెట్టినవాడి పేరు ఆ ఊళ్ళోనే ఉండిపోయింది. నాకు ఇది కొంచెం బాధగానే ఉంటుంది.

తర్వాత నెపోలియన్ కాలం. 1813లో నెపోలియన్ సవతి కొడుకు, ఇటలీలో అతని ప్రతినిధిగా ఏలుతున్న యూజీన్ ద బోహార్నే, ఆస్ట్రియా సైన్యంతో పోరాటంలో ఈ వంతెనని తగలబెట్టించాడు. 1821కి అంజెలో కసరొత్తి అనే ఆయన చేతిలో మళ్ళీ లేచింది. మళ్ళీ అదే బొమ్మ. ఇక్కడ పెద్దగా చెప్పడానికేం లేదు, ముందుకి పోదాం.

వంతెన ఒక చివర ఒక సారా దుకాణం ఉంది, 1779 నుంచి. నార్దీని కుటుంబానిది. గ్రాప్పా అని ద్రాక్ష పిప్పి నుంచి తీసే సారాయి అమ్ముతారు. ఊరి పేరు బస్సానో డెల్ గ్రాప్పా కాబట్టి ఈ సారా పేరు మీదే ఊరనుకుంటారు చాలామంది. కాదు. గ్రాప్పా అనేది పక్కనున్న కొండ పేరు. ఊరికి ఆ పేరు కలిపింది కూడా 1928లో. ఎందుకంటే మొదటి ప్రపంచయుద్ధంలో ఆ కొండ మీద జరిగిన పోరాటం అంత పెద్దది.

1917 అక్టోబరులో ఇటలీ సైన్యం కపొరెత్తో దగ్గర ఘోరంగా ఓడి వెనక్కొచ్చింది. యుద్ధరేఖ ఇక్కడ ఈ గ్రాప్పా కొండ మీద ఆగింది. ఊళ్ళోంచి చూస్తే కొండ కనిపిస్తుంది, కొండ మీద ఫిరంగులు. ఇటలీ సైన్యంలో ఆల్పీని అని కొండల్లో పోరాడే దళాలుంటాయి, టోపీకి ఈక పెట్టుకుంటారు. ఆ కుర్రాళ్ళు ఈ వంతెన దాటి పైకి వెళ్ళారు. చాలామంది తిరిగి రాలేదు. ఈ వంతెన మీద చెయ్యి చెయ్యి కలుపుకుని విడిపోయే జంట గురించి ఒక పాట ఉంది, ఇటలీలో సైనికుల పాటల్లో అది బాగా తెలిసినది. ఒక చిన్న ఊరి వంతెన దేశం మొత్తానికి తెలిసింది ఆర్కిటెక్చర్ వల్ల కాదు, ఈ యుద్ధం వల్ల, ఈ పాట వల్ల.

ఇప్పుడు చెప్పబోయేది కొంచెం బరువైన భాగం. రెండో ప్రపంచయుద్ధం. 1943 సెప్టెంబరు తర్వాత ఉత్తర ఇటలీ జర్మనీ చేతిలో ఉంది. కొండల్లో ఇటలీ గెరిల్లాలు, పార్టిజన్లు అంటారు, వాళ్ళతో పోరాడుతున్నారు. 1944 సెప్టెంబరులో గ్రాప్పా కొండని జర్మన్లు, వాళ్ళతో ఉన్న ఫాసిస్టులు చుట్టుముట్టి జల్లెడ పట్టారు. సెప్టెంబరు 26న బస్సానోలో ఒక వీధి వెంబడి చెట్లకి 31 మందిని ఉరి తీశారు. ఆ వీధిని ఇప్పుడు అమరుల వీధి అంటారు. ఒక్కో చెట్టుకీ ఒక్కో పేరుంటుంది. టూరిస్టులు ఫోటోలు తీసుకునే వంతెనకి నడిచి వెళ్ళేంత దూరమే ఆ వీధి.

అలాంటి ఊళ్ళో, 1945 ఫిబ్రవరి 17న, పార్టిజన్లు ఈ వంతెనకి పేలుడు పదార్థం పెట్టారు. నడిపించింది ప్రీమో విజెంతిన్. బడిపంతులు. మారుపేరు మసాచ్చో, పాతకాలపు చిత్రకారుడి పేరు అది. సైకిళ్ళ మీద పేలుడు పదార్థం తెచ్చి పెట్టారు. జర్మన్ సైన్యానికి దారి తెగ్గొట్టాలి. వంతెన దెబ్బతింది.

ఇక్కడ నేను ఆగాల్సి వస్తుంది. ఎందుకంటే ఈ కథ అంతా ఎవరెవరో బయటివాళ్ళు వచ్చి వంతెనని నాశనం చేయడం, ఊరివాళ్ళు కట్టుకోవడం. ఫ్రెంచివాళ్ళు, నది, నెపోలియన్ మనిషి. ఇప్పుడు మాత్రం ఆ ప్రాంతం కుర్రాళ్ళే, ఆ వంతెన అంటే ప్రేమ ఉన్నవాళ్ళే, వాళ్ళ చేతులతో పేల్చారు. తప్పా ఒప్పా? నేనైతే వాళ్ళని తప్పుపట్టలేను. ఆ చెట్లకి ఐదు నెలల ముందు ఎవరు వేలాడారో వాళ్ళకి తెలుసు. వంతెన మళ్ళీ కట్టుకోవచ్చని ఆ ఊరికి తెలిసినంతగా ఇంకే ఊరికీ తెలియదు. మనుషుల్ని మళ్ళీ కట్టుకోలేరు కదా. కానీ దానికి ధర కూడా మనుషులే చెల్లించారు. కొద్ది రోజులకే, ప్రతీకారంగా, ఖైదులో ఉన్న ముగ్గురు పార్టిజన్లని ఆ వంతెన దగ్గరకే తెచ్చి కాల్చి చంపారు. ఈ ముక్క వదిలేసి వంతెన అందంగా ఉంది అని మాత్రం చెప్తే, అది నాకు సగం కథలా కూడా అనిపించదు.

ఏప్రిల్ 29న వెనక్కి పోతున్న జర్మన్లు మిగిలినదాన్ని కూడా పేల్చేశారు. అదే రోజు విజెంతిన్ కూడా చనిపోయాడు, దగ్గర్లోనే లోరియా అనే చోట. ఇటలీలో యుద్ధం మే 2న ముగిసింది. మూడు రోజులు.

యుద్ధం అయ్యాక దేశమంతా శిథిలాలు. తిండికే కష్టం. ఎవరి దగ్గరా డబ్బుల్లేవు. నదికి సిమెంటు వంతెన కడితే చవకలో, త్వరగా అయిపోతుంది. లారీలు కూడా పోతాయి. అయినా చెక్కదే కట్టారు, మళ్ళీ అదే బొమ్మ. ఆల్పీని మాజీ సైనికుల సంఘం ముందుకొచ్చింది, ఆ పాత కుర్రాళ్ళు, ఇప్పుడు నడివయసు వాళ్ళు, డబ్బు పోగుచేశారు. 1948 అక్టోబరు 3న ప్రధానమంత్రి అల్చీదె దె గాస్పరి వచ్చి ప్రారంభించాడు. దేశం నలుమూలల నుంచి ఆల్పీని ఆ రోజుల్లో అక్కడ కలుసుకున్నారు. అప్పటి నుంచి దాన్ని ఆల్పీని వంతెన అనే పిలుస్తారు. వంతెన చివర వాళ్ళ మ్యూజియం కూడా ఉంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. ఇది అదే వంతెనా? చెక్క ఒక్క ముక్క కూడా అప్పటిది కాదు. మన గుడి రథానికి చక్రం విరిగితే మారుస్తారు, ఇరుసు పోతే మారుస్తారు, ఒకనాటికి మొత్తం కొత్త చెక్కే అవుతుంది. స్వామి రథం మారిందని ఎవరన్నా అంటారా? అక్కడ లెక్క చెక్కది కాదు, బొమ్మది, చోటుది, కట్టే చేతులది. బస్సానోలోనూ అంతే. 1570లో అచ్చయిన ఒక పేజీ ఉంది. నది ఉంది. ప్రతి తరంలోనూ ఇది మా పని అనుకున్నవాళ్ళున్నారు. కాకపోతే ఒక్కటి: "450 ఏళ్ళ వంతెన" అని రాస్తే కట్టిన వడ్రంగుల తరాలన్నీ మాయమైపోతాయి. ఒక్క పల్లాడియో మిగులుతాడు. నా అభ్యంతరం అక్కడే.

1948 తర్వాత నది ఊరుకుందా? లేదు. 1966 నవంబరు 4. ఫ్లోరెన్స్‌ని, వెనిస్‌ని ముంచిన అదే వరద. బ్రెంటా కూడా పొంగింది. వంతెన కొట్టుకుపోలేదు గానీ కాళ్ళు దెబ్బతిన్నాయి, వంతెన వంగింది. బాగుచేశారు.

ఆ తర్వాత వరద లేకుండానే సమస్య. 2010 తర్వాత చూస్తే వంతెన మెల్లగా కుంగుతోంది. నేను ఇందాక చెప్పాను కదా, రోగం మోకాళ్ళలో వస్తుందని. కాళ్ళు పాడైపోయాయి, నది అడుగున ఆధారం దెబ్బతింది. మరమ్మతు అంటే ఏడాది రెండేళ్ళ పని అనుకున్నారు, ఏళ్ళ తరబడి సాగింది. చెక్క ఎంత మార్చాలి, ఉక్కు ఎక్కడైనా పెట్టొచ్చా, పెడితే అది ఇంకా చెక్క వంతెనేనా, ఇవన్నీ వాదనలయ్యాయి. ఈ మధ్యలో 2019లో పార్లమెంటు చట్టం చేసి దీన్ని జాతీయ స్మారకంగా ప్రకటించింది. 2021లో పని పూర్తయింది.

వాదనల గురించి ఒక మాట. ఉక్కు పెడితే పాపం అనేవాళ్ళతో నేను ఏకీభవించను. ఫెర్రాచినా పల్లాడియోని గుడ్డిగా కాపీ కొట్టలేదు. నదికి తగ్గట్టు తన తెలివి వాడాడు. 1567 కౌన్సిల్ కూడా అదే అడిగింది, పాతదానిలాగే, కానీ ఇంకా గట్టిగా అని. పైన కనిపించే రూపం, చెక్క, నడిచేటప్పుడు కాళ్ళ కింద వచ్చే ఆ చప్పుడు, ఇవి ఉంటే చాలు. నీటి అడుగున ఏముందో నదికి తెలిస్తే సరిపోతుంది.

ఇప్పుడు దాని మీద బళ్ళు పోవు, మనుషులే. సాయంత్రం కుర్రాళ్ళు కమ్మీలకి ఆనుకుని కబుర్లు చెప్పుకుంటారు. మీలో ఎవరైనా చదువుకనో ఉద్యోగానికనో పాడువాలో, వెనిస్‌లో ఉంటే, రైల్లో గంటన్నర లోపే బస్సానో. వెళ్తే వంతెన మీద ఒక ఫోటో తీసుకోండి, తర్వాత ఒడ్డుకి దిగి కింద నుంచి చూడండి. ఒక్కో వరసలో ఎనిమిది కాళ్ళు లెక్కపెట్టండి. ఆ తర్వాత చెట్ల వీధికి కూడా వెళ్ళండి.

ఈ ఎపిసోడ్‌కి ఇంతే. మీ ఊళ్ళో ఇలా పోయి, మళ్ళీ అదే చోట అలాగే కట్టుకున్నది ఏదైనా ఉంటే, గుడో, రేవో, వంతెనో, కట్టినవాళ్ళ పేర్లతో సహా కామెంట్లలో రాయండి. ఉంటాను మరి.